గుమ్మటాలు, గుడి స్తంభాలు: డోర్నకల్ బిషప్ అజరయ్య శిల్పదృష్టి

ఉత్తర కోస్తా ఆంధ్రలో ప్రొటెస్టెంటు క్రైస్తవం వ్యాపించిన తీరును పరిశీలిస్తే, అందులో ఆంగ్లికన్ సంఘం పాత్ర చాలా స్వల్పమని తేలుతుంది. 16వ శతాబ్దంలో రోము అధికారం నుంచి విడివడి ఇంగ్లండు రాజ్యమతంగా స్థిరపడి, బిషప్పుల పాలననూ నిర్ణీతమైన ఆరాధనక్రమాన్నీ నిలుపుకొన్న క్రైస్తవ శాఖను ఆంగ్లికన్ సంఘమని వ్యవహరిస్తారు. 1805లో విశాఖపట్నం చేరి తెలుగులోకి సువార్తలను తెచ్చే పనికి పూనుకొన్న అగస్టస్ డిగ్రాంజ్, జార్జ్ క్రాన్ లండన్ మిషనరీ సొసైటీకి చెందినవారు. 1870ల నుంచి భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి ప్రాంతాలలో కేంద్రాలు నెలకొల్పినవారు కెనడా బాప్టిస్టులు.  పెద్దలైన విశ్వాసులకు మాత్రమే నీటిలో ముంచి బాప్తిస్మమిచ్చే బాప్టిస్టులు సాధారణంగా ఆరాధనా మందిరంలో అలంకారాన్ని కోరరు. అందువల్ల వారు కట్టిన గుళ్లు చాలావరకు నిరాడంబరమైన పెంకుటిళ్లుగా, సున్నం వేసిన తెల్లని గోడలుగా ఉండిపోయాయి.

అంతమాత్రాన ఆ సంఘాలు కళకు దూరమయ్యాయనుకోవడం పొరపాటు. వారి కళ గోడల మీద గాక గొంతులో నిలిచింది. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవం స్వీకరించి, 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి రచించిన వందకు పైగా కీర్తనలు నేటికీ తెలుగు సంఘాలన్నిటా శాఖాభేదం లేకుండా పాడబడుతున్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన తలమీద రాగమూ తాళమూ ముద్రించే ఆచారం, కర్ణాటక సంగీత సంప్రదాయాన్ని ఆ సంఘాలు ఎంత సహజంగా తమదిగా భావించాయో చెప్పకనే చెబుతుంది. పాటలో ఇంత తేలికగా జరిగిన ఈ కలయిక రాతిలోనూ ఇటుకలోనూ జరగడానికి మాత్రం మరెన్నో దశాబ్దాలు పట్టింది. అది జరిగిన చోటు ఉత్తరాంధ్ర కాదు, నిజాం రాజ్యంలోని డోర్నకల్. దానికి పూనుకొన్న వ్యక్తి వేదనాయకం శామ్యూల్ అజరయ్య. భారతీయులలో ఆంగ్లికన్ బిషప్ పదవి పొందిన మొదటివాడాయన.

అజరయ్య తెలుగువాడు కాడు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో, హిందూమతం నుంచి క్రైస్తవంలోకి వచ్చి ఆంగ్లికన్ గురువైన థామస్ వేదనాయకం కుమారుడిగా ఆయన జన్మించాడు. తాటికల్లు తీయడం వృత్తిగా గలవారని అగ్రవర్ణాలు చిన్నచూపు చూసిన నాడార్ కులం ఆయనది; 19వ శతాబ్దంలో ఆ కులస్త్రీలు రవిక ధరించే హక్కు కోసం, ఆ కులస్థులు గుళ్లలో ప్రవేశం కోసం జరిపిన పోరాటాలు దక్షిణాది సాంఘిక చరిత్రలో ప్రసిద్ధాలు. ఈ నేపథ్యాన్ని మరచి ఆయన తరువాతి జీవితాన్ని, ముఖ్యంగా ఆయన కట్టించిన గుడిని అర్థం చేసుకోవడం కష్టం. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివినా పట్టా పుచ్చుకోకుండానే 1895లో యువజన క్రైస్తవ సంఘమైన వైఎంసీఏలో కార్యదర్శిగా చేరి, 1909 వరకు దక్షిణ భారతమంతటా పర్యటించాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడాడు; కళాశాల విద్య పొందిన తొలితరం తమిళ క్రైస్తవ స్త్రీలలో ఒకరైన ఆమె, తరువాత డోర్నకల్‌లో బాలికల విద్యకూ స్త్రీల సంఘాలకూ ఆధారమైంది.

వైఎంసీఏ కాలంలోనే అజరయ్య ఆలోచన ఒక మలుపు తిరిగింది. శ్వేతజాతి మిషనరీల ధనంతో, వారి ఆజ్ఞతో నడిచే సంఘం ఈ దేశంలో ఎన్నటికీ పరాయిదిగానే ఉంటుందని గ్రహించి, భారతీయుల ధనంతో భారతీయులే నడిపే ప్రచార సంస్థలకు ఆయన పూనుకొన్నాడు. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఆ ఆలోచన ఫలితాలు. తిరునెల్వేలి సంస్థ తనకు కార్యక్షేత్రంగా నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాన్ని ఎంచుకొన్నందున, తమిళ క్రైస్తవులు తెలుగు నేర్చుకొని వరంగల్లు వైపు రావడం మొదలైంది. అజరయ్య 1909లో గురుపట్టం పొంది స్వయంగా ఆ సంస్థ మిషనరీగా డోర్నకల్ చేరాడు. సింగరేణి బొగ్గుగనుల వైపు శాఖ చీలే రైలు కూడలిగా తప్ప ఆనాటికి ఆ ఊరికి చెప్పుకోదగ్గ ప్రాముఖ్యం లేదు. అజరయ్య దంపతులు మొదట్లో డేరాలలో కాపురముండవలసి వచ్చింది.

మరుసటి ఏడు, అంటే 1910లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం సభను కుదిపివేసింది. మిషనరీలు ధనమూ త్యాగమూ ఇచ్చారని ఒప్పుకొంటూనే, భారతీయ సహోద్యోగిని తమ బల్ల దగ్గర సమానుడిగా కూర్చోబెట్టుకోలేకపోతున్నారని, కావలసింది స్నేహమని ఆయన నిర్మొహమాటంగా చెప్పాడు. ఆ మాటలు వినలేక కొందరు మిషనరీలు నొచ్చుకొన్నారు. ఆయనను బిషప్‌గా చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, తెల్లవారిపై నల్లవాడు అధికారం చెలాయించడమా అన్న అభ్యంతరాలు లేచింది కూడా ఆ వర్గం నుంచే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్, ఆయన భార్య ఇసబెల్ ఈ ప్రతిపాదనకు గట్టిగా నిలబడ్డందువల్ల, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఐరోపావారి అభ్యంతరానికి లోబడినట్టుగా మొదట ఆయనకు చిన్న అధ్యక్ష మండలాన్నే ఇచ్చారు. ఒక బిషప్ పాలనలో ఉండే ప్రాంతాన్నీ సంఘాలనూ కలిపి అధ్యక్ష మండలమంటారు. 1920 తరువాత కృష్ణా మండలంలోని ఆంగ్లికన్ సంఘాలు కూడా ఆయన పాలనలోకి వచ్చాయి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో ప్రారంభించిన పని ఈ విధంగా ఒక భారతీయుని చేతికి చేరింది. ఆయన జీవితాంతానికి ఆ మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఆ రెండు లక్షల మందిలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు. ఒక్కొక్కరుగా గాక వాడలు వాడలుగా, బంధువర్గాలుగా బాప్తిస్మం తీసుకొన్న ఈ పరిణామాన్ని చరిత్రకారులు సామూహిక ఉద్యమాలని పిలుస్తారు. పై కులాల దృష్టిలో రెండూ అంటరాని కులాలే అయినా, మాలలకూ మాదిగలకూ మధ్య కంచాలు కలిసేవి కావు, బావులు కలిసేవి కావు. అజరయ్య ఎదుర్కొన్న మొదటి సామరస్య సమస్య హిందువులకూ క్రైస్తవులకూ మధ్యది కాదు. ఒకే గుడిలో, ఒకే చాపమీద, ప్రభు భోజన సంస్కారంలో ఒకే గిన్నెలోని ద్రాక్షారసాన్ని ఈ రెండు కులాలవారు పంచుకోవడం ఎలా అన్నదే. ఆ గిన్నె విషయంలో ఆయన రాజీపడలేదు. కళను సామరస్యానికి సాధనంగా ఆయన వాడుకొన్నాడంటే, అది ముందుగా ఇంటిలోపలి సామరస్యానికేనని గుర్తుంచుకోవాలి.

డోర్నకల్ కెథీడ్రల్ నిర్మాణం ఈ సందర్భంలో పుట్టింది. కెథీడ్రల్ అంటే బిషప్ పీఠం ఉండే ప్రధాన దేవాలయం. అజరయ్య బిషప్ అయిన కొద్దికాలానికే తలపెట్టిన ఈ కట్టడం పూర్తి కావడానికి ఇంచుమించు పాతికేళ్లు పట్టింది. ధనాభావమే ప్రధాన కారణం. అయితే ఆ అభావాన్ని కొంతవరకు ఆయన కోరి తెచ్చుకొన్నాడనాలి. విశ్వాసులు దానం చేయడమన్నది ఆరాధనలో భాగమని ఆయన గట్టిగా నమ్మి, ఆ విషయంపై గ్రంథమే రచించాడు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ప్రతి పూటా ఒక గుప్పెడు వేరే కుండలో వేసి, వారానికొకసారి గుడికి తెచ్చి ఇచ్చే అలవాటు ఆయన మండలంలోని పేద స్త్రీలలో స్థిరపడింది. కూలి గింజలపై బ్రతికేవారి నుంచి గుడికి గింజలు తీసుకోవడం న్యాయమా అని ప్రశ్నించేవారు ఆనాడూ ఉండి ఉంటారు, ఈనాడూ ఉంటారు. అజరయ్య సమాధానం మాత్రం స్పష్టం: ఇతరుల ధర్మంతో నిలిచే సంఘానికి ఆత్మగౌరవం ఉండదు.

1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఈ దేవాలయాన్ని ఎపిఫనీకి అంకితం చేశారు. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని అనుసరించి వచ్చి శిశువైన క్రీస్తును పూజించిన ఘట్టాన్ని స్మరించే పండుగకు ఎపిఫనీ అని పేరు. యూదులు కాని పరజాతులకు, అందులోనూ తూర్పువారికి, దేవుడు తనను తాను చూపించుకొన్న రోజు అది. పేరు ఎంపికలోనే నిర్మాణపు ఉద్దేశం సగం తెలుస్తుంది: తూర్పువారు తమ కానుకలతో, తమ వేషంతోనే వచ్చారుగాని ముందుగా పశ్చిమపు దుస్తులు తొడుక్కొని రాలేదు.

కట్టడం బయటి నుంచి చూస్తే గుమ్మటాలు, సన్నని బురుజులు, కమానులు దక్కను ముస్లిం వాస్తువును తలపిస్తాయి. లోపలికి వెళ్లేసరికి దృశ్యం మారుతుంది. బరువైన రాతి స్తంభాల వరుసలు, వాటిపై తామర వంటి దేశీయ పూలమొగ్గల చెక్కడాలు, దక్షిణాది దేవాలయ మండపాన్ని గుర్తుచేస్తాయి. ఈ రెండింటినీ కలిపే సూత్రం క్రైస్తవ ఆరాధనా స్థలానికి అవసరమైన తూర్పు పడమరల పొడవు, ఆ కొసన బల్ల, శిలువ. హిందూ స్తంభం బరువు మోస్తుంటే ముస్లిం గుమ్మటం కప్పు కాస్తున్నదని, నడుమ క్రైస్తవ ప్రార్థన సాగుతున్నదని వర్ణించడానికి ఎవరికైనా మనసవుతుంది. ఆ వర్ణన అందమైనదేగాని, కట్టడం అసలు చెప్పదలచింది అంతకన్న కొంచెం కఠినమైనది.

ఆ కాఠిన్యం తెలియడానికి సమకాలపు మరో కట్టడంతో పోల్చి చూడాలి. డోర్నకల్‌కు పడమటి దిక్కున, అదే నిజాం రాజ్యంలో, వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ కెథీడ్రల్ 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరుపుకొంది. కరవుకాలంలో కూలీలకు పని కల్పించే ఉద్దేశం కూడా కలిసిన ఆ నిర్మాణం, ఆకాశంలోకి లేచే గోపురంతో, కొనదేలిన కమానులతో, ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలతో, ఇంగ్లండులోని గాథిక్ శైలికి విశ్వాసపాత్రమైన ప్రతిరూపం. మెదక్‌ను చూసినవారు అది గొప్ప కట్టడమని ఒప్పుకొంటారు. కాని దాని గొప్పతనం మరొక దేశపు జ్ఞాపకం మీద నిలబడింది. డోర్నకల్ ఎత్తులోనూ వైభవంలోనూ మెదక్‌తో పోటీపడదు. చూపరుల సంఖ్యలోనైతే అసలే పోటీపడదు. అయినా, క్రీస్తును కొలవడానికి తెలుగు నేల మీద ఇంగ్లండు మధ్యయుగాల వేషం వేయవలసిన అవసరమేమిటన్న ప్రశ్నను రాతితో వేసింది డోర్నకల్ మాత్రమే.

హిందూ ముస్లిం వాస్తు లక్షణాల మేళవింపు అజరయ్య కనిపెట్టినది కాదు. ఇండో సారసెనిక్ అని పిలిచే ఆ శైలిని 19వ శతాబ్దంలో బ్రిటిష్ ఇంజనీర్లే పెంచి పోషించారు. మద్రాసులోనూ బరోడాలోనూ రాబర్ట్ చిషోల్మ్, హైదరాబాదులో విన్సెంట్ ఎష్ దానికి పేరొందిన శిల్పులు. హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, కాచిగూడ రైలుస్టేషను ఎష్ పనులే. బెల్జియం శిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్ట్స్ కళాశాల భవనం అజంతా ఎల్లోరాల స్తంభాలనూ సారసెనిక్ కమానులనూ ఒకచోట చేర్చి, 1939లోనే ప్రారంభమైంది. అంటే డోర్నకల్ ప్రతిష్ఠ జరిగిన ఏడాదిలోనే నిజాం ప్రభుత్వం కూడా తన రాజ్యపు ఉమ్మడి స్వరూపాన్ని అదే శిల్పభాషలో చాటుకొంది. పాలకుడి చేతిలో ఆ భాషకు ఒక అర్థం: ప్రజలందరూ తన నీడన ఉన్నారని చెప్పడం. అజరయ్య చేతిలో అర్థం తిరగబడింది: అధికారం లేని ఒక చిన్న సంఘం తాను కూడా ఈ నేలదేనని చెప్పుకోవడం. ఆంగ్లికన్ ప్రపంచంలోనూ దీనికి పూర్వగాములున్నాయి. 1883లో పెషావరులో ప్రారంభమైన ఆల్ సెయింట్స్ దేవాలయం గుమ్మటాలతో, మినార్లతో మసీదును పోలి ఉంటుంది. అయితే పెషావరు కట్టడం ఎదుటివారి భాషలో ఎదుటివారిని పలకరించే ప్రయత్నం. డోర్నకల్ కట్టడం లోపల కూర్చునేవారికి వారి స్థానాన్ని తెలియజెప్పే ప్రయత్నం.

లోపల కూర్చునేవారు ఎవరన్నది ఇక్కడ కీలకం. మండపస్తంభాల నడుమ నడిచే హక్కు మాల మాదిగలకు తరతరాలుగా లేదు. ఊరి శివాలయం స్తంభాలు ఎలా ఉంటాయో వారికి దూరం నుంచి తెలుసు, లేదా ఆ స్తంభాల రాయి మోసిన తాతల నోట తెలుసు. 1936లో తిరువాన్కూరు మహారాజు ఆలయప్రవేశ ప్రకటనతో ఆ తలుపులు తెరిచాడు. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశానికి చట్టరక్షణ కల్పించిన శాసనం 1939లో వచ్చింది. అజరయ్య మండలంలో పెద్దభాగమైన కృష్ణా జిల్లా ఆ మద్రాసు రాష్ట్రంలోనిదే. అందువల్ల 1939 జనవరిలో డోర్నకల్ తలుపులు తెరుచుకొన్నప్పుడు, గుడి స్తంభాల మధ్యకు అడుగుపెట్టిన పల్లె విశ్వాసికి అది పరమత సహనానికి నమూనాగా గాక, నిన్నటిదాకా నిషిద్ధమైన ఒక రూపం తనకు దక్కినట్టుగా తోచి ఉంటుందనడం అతిశయోక్తి కాదు. నాడార్ కులంలో పుట్టిన బిషప్‌కు ఈ సంగతి వివరించి చెప్పవలసిన పని లేదు.

మరొక వైపు వాదన కూడా ఉంది. కులపు గుర్తులను వదిలించుకోవడానికే క్రైస్తవాన్ని కోరుకొన్నవారిలో కొందరికి, హిందూ శిల్పపు ఛాయలున్న గుడి వెనక్కి లాగినట్టే అనిపిస్తుంది. భారతీయమైన సంఘమంటే ఎవరి భారతమని వారడిగే ప్రశ్న న్యాయమైనది. డోర్నకల్‌లో ఎంపికైన రూపాలు ఆగమ దేవాలయానివీ రాజాస్థాన మసీదువీ. విశ్వాసుల సొంత కళలైన డప్పు, అమ్మవారి కథాగానాలు మొదలైనవి ఆ రాతిలోకి రాలేదు. మాదిగ డప్పు గ్రామదేవత కొలువుతో ముడిపడి ఉన్నందున చాలా సంఘాలు దానిని మొదట్లో దూరంగానే ఉంచాయి. విచిత్రమేమంటే, ఆ గ్రామదేవతల గురించి ఆనాటి ప్రామాణిక గ్రంథాలలో ఒకటైన దక్షిణ భారత గ్రామదేవతల పుస్తకాన్ని 1916లో ప్రకటించింది అజరయ్యను బిషప్‌గా నిలబెట్టిన హెన్రీ వైట్‌హెడ్డే. పైడితల్లి సిరిమాను, జముకుల కథ, తప్పెటగుళ్లు వంటి జానపద రూపాలను ఎరిగిన విజయనగరం పాఠకునికి ఇక్కడ లోపించినదేమిటో వెంటనే అర్థమవుతుంది.

రాతిలో రానిది కొంత ఆచారంలో వచ్చింది. అజరయ్య తన మండలంలో జాతరల స్థానంలో క్రైస్తవ పండుగలనూ ఊరేగింపులనూ ప్రోత్సహించాడు. తెలుగు రాగాలలోని కీర్తనలకూ భజనలకూ ఆరాధనలో పీట వేశాడు. బైబిలు కథలను పాటతో, అభినయంతో పల్లెల్లో వినిపించే పద్ధతికి అండగా నిలిచాడు. ఆరాధనక్రమం మాత్రం ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథాన్ని అనుసరించింది. గుడిలోకి వచ్చేవారు చెప్పులు బయట విడిచి నేల మీద కూర్చోవడం తెలుగు సంఘాలలో ఎవరూ ప్రవేశపెట్టనక్కరలేని అలవాటు. ఈ విధంగా గ్రంథం ఇంగ్లండుది, గొంతు తెలుగుది, స్తంభం దేవాలయానిది అయిన ఒక మిశ్రమ సంప్రదాయం అక్కడ రూపుదిద్దుకొంది. దానిని శుద్ధమైనదని ఎవరూ అనరు. శుద్ధత అజరయ్య లక్ష్యమూ కాదు.

అజరయ్యను మతసామరస్య ప్రవక్తగా చిత్రించే రచనలు సాధారణంగా ఈ గుమ్మటాల దగ్గరే ఆగిపోతాయి. చారిత్రక న్యాయం కోరితే, ఆయన జీవితాంతం మతాంతరీకరణకు కట్టుబడినవాడని కూడా చెప్పాలి. అన్ని మతాలూ ఒకే గమ్యానికి చేరుస్తాయని ఆయన ఎన్నడూ అనలేదు. 1935లో యేవలాలో అంబేద్కర్ తాను హిందువుగా మరణించనని ప్రకటించిన తరువాత, దళితులను తమవైపు తిప్పుకోవడానికి మతసంఘాలన్నీ పోటీపడుతున్నాయన్న ఆందోళన దేశమంతటా లేచింది. తన హరిజన్ పత్రికలో గాంధీ ఆంధ్రలోని సామూహిక బాప్తిస్మాలను తీవ్రంగా విమర్శించాడు. మతాల తారతమ్యాన్ని విచారించి ఎంచుకొనే స్థితిలో ఆ పేదలు లేరన్నది ఆయన వాదనలోని ముఖ్యాంశం. అజరయ్య దృష్టిలో అది పేదవాని బుద్ధికి అవమానం. తన పల్లె సంఘాలలో తాగుడు తగ్గడం, పిల్లలు బడికి వెళ్లడం, మాల మాదిగలు కలిసి భోంచేయడం ఆయన చూపిన సాక్ష్యాలు. ఈ వాదోపవాదంలో ఇద్దరూ దళితుల తరఫునే మాట్లాడారు. దళితులు తమంతట తాము మాట్లాడిన గొంతు ఆ పత్రికలలో తక్కువగా వినిపిస్తుంది. అమెరికా చరిత్రకారిణి సూజన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో ప్రకటించిన అజరయ్య జీవితచరిత్రకు మహాత్ముని నీడలో అనే అర్థం వచ్చే పేరు పెట్టడం ఈ ఘర్షణను దృష్టిలో ఉంచుకొనే.

రాజకీయాలలో మాత్రం ఆయన వైఖరి గాంధీకి దగ్గరది. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ ప్రకటించిన కమ్యూనల్ అవార్డు భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కల్పించినప్పుడు, ఆ లాభాన్ని అజరయ్య బహిరంగంగా వ్యతిరేకించాడు. ప్రత్యేక నియోజకవర్గమంటే ఒక మతస్థులు తమ ప్రతినిధిని తామే విడిగా ఎన్నుకొనే ఏర్పాటు. ఇది క్రైస్తవ సంఘాన్ని తలలు లెక్కపెట్టే రాజకీయ కులంగా దిగజారుస్తుందనీ, బాప్తిస్మాన్ని ఓటుగా మారుస్తుందనీ, ఇరుగుపొరుగు హిందువులతో వైరాన్ని శాశ్వతం చేస్తుందనీ ఆయన భయపడ్డాడు. మతాల మధ్య శాంతికి ఆయన చేసిన సేవలలో గుమ్మటాల కన్న ఇది తక్కువ ప్రసిద్ధమైనా ఎక్కువ ఖరీదైనది; తన జనానికి చేతికందే ప్రయోజనాన్ని వద్దనడం గుడి కట్టడం కన్న కష్టం.

కెథీడ్రల్ ప్రతిష్ఠకు కొద్దిరోజుల ముందు, 1938 డిసెంబరులో, మద్రాసు శివార్లలోని తాంబరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. క్రైస్తవానికీ ఇతర మతాలకూ గల సంబంధమే అక్కడి ప్రధాన చర్చ. క్రీస్తు ప్రత్యక్షతకూ మానవ మతాలకూ నడుమ వంతెన లేదని డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ వాదించగా, నెల్లూరులో పుట్టి పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తిగా పనిచేసిన తెలుగు క్రైస్తవ మేధావి పాండిపెద్ది చెంచయ్య, ఆయన మిత్రులు దానికి దీటుగా ఒక గ్రంథాన్నే వెలువరించారు. హిందూ సంస్కృతిలో పుట్టినవాడు క్రీస్తును అనుసరించడానికి సంఘమనే వ్యవస్థే అవసరం లేదేమోనన్నంత దూరం చెంచయ్య వెళ్లాడు. అజరయ్య అంత దూరం పోలేడు, పోదలచలేదు కూడా. పల్లెలోని కూలీకి సంఘమే బడి, సంఘమే పంచాయతీ, సంఘమే ఆసరా అని ఆయనకు అనుభవం నేర్పింది. చదువుకొన్న చెంచయ్యకు సంఘం లేకుండా క్రీస్తు సరిపోవచ్చుగాని, డోర్నకల్ చుట్టుపక్కల మాదిగవాడకు సరిపోడు. ఇద్దరి భారతీయతలోని తేడా వేదాంతానిది ఎంతో, వర్గానిది కూడా అంతే.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లో మరణించాడు. ఆ మరునాడే, జనవరి 2న, విజయనగరంలో హరికథా పితామహుడు ఆజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు కన్నుమూశాడు. ఇరువురి లోకాలూ ఎక్కడా కలవవు. ఒకరు సంస్థాన సంగీత కళాశాలకు అధ్యక్షుడు, మరొకరు కూలీల బిషప్. అయినా పారసీక భాష నేర్చి ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చిన నారాయణదాసు, ఆలయ స్తంభాన్నీ మసీదు గుమ్మటాన్నీ శిలువకు తెచ్చిన అజరయ్య ఒకే కాలపు తెలుగు నేల మీద ఒకే రకమైన సాహసం చేశారని గుర్తించడానికి పెద్ద ప్రయాస అక్కరలేదు. పరాయిదాన్ని అరువుగా గాక హక్కుగా తీసుకోవడం ఆ సాహసం.

అజరయ్య జీవితకాలమంతా కోరిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సాకారమైంది; ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. డోర్నకల్ దానిలో ఒక అధ్యక్ష మండలమైంది, మెదక్ మరొకటి. బిషప్పుల పరంపరను పట్టుకొన్న ఆంగ్లికన్లూ దానిని అంగీకరించని ఇతరులూ ఒక ఒప్పందానికి రావడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టిన ఆ సంప్రదింపులు 1919లో తరంగంబాడిలో అజరయ్య పూనికతోనే మొదలయ్యాయి.

శిల్పంలో మాత్రం డోర్నకల్‌కు వారసులు తక్కువ. తరువాతి తెలుగు గుళ్లలో ఎక్కువభాగం కొనదేలిన కిటికీలకూ, ఆపైన సిమెంటు కాంక్రీటుకూ మొగ్గాయి. అజరయ్య విడిచిపెట్టిన పనిని వేరొక కొస నుంచి అందుకొన్నవాడు ఆంగ్లికన్ కాదు, లూథరన్ పాస్టరు పి. సోలమన్ రాజ్. ఇంగ్లండులో బర్మింగ్‌హాం సెల్లీ ఓక్ కళాశాలల్లో బోధించి, విజయవాడలో సెయింట్ లూక్ లలితకళా ఆశ్రమాన్ని నడిపిన ఆయన, మైనం పూసి గుడ్డపై రంగులద్దే బాటిక్ పద్ధతిలోనూ, చెక్కపై చెక్కి ముద్రించే పద్ధతిలోనూ బైబిలు ఘట్టాలను చిత్రించాడు. ఆ చిత్రాలలో క్రీస్తు చుట్టూ చేరినవారు పల్లె కూలీలు, నిర్వాసితులు, గంపలు మోసే స్త్రీలు. ఆంధ్రలో విదేశీ మిషన్ల సాయం లేకుండా ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిలు మిషనుపై పరిశోధన చేసింది కూడా ఈ చిత్రకారుడే. పాతికేళ్లపాటు గుప్పెడు గుప్పెడుగా బియ్యం కూడబెట్టి లేపిన రాతి స్తంభం ఒకచోటే నిలబడుతుంది. చెక్క అచ్చు మీద తీసిన ముద్ర మాత్రం ఎన్ని కావాలంటే అన్ని కాగితాల మీదికి ఎక్కి ఊరూరా తిరుగుతుంది.